వాకౌట్ చేసినవారు లోపలికి వచ్చే దారి

కరోనా భయం తగ్గి, జనం మళ్లీ పెళ్లిళ్లు ఘనంగా చేసుకోవడం మొదలుపెట్టిన వేసవిలో నన్ను కాలువ ఒడ్డునున్న ఒక పురపాలక సంఘానికి కౌన్సిల్ సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంటుగా బదిలీ చేశారు. ఊరి పేరు చెప్పను. రిటైరయ్యాక కూడా నేను అక్కడే ఉండిపోయాను. ఇందులో ఉన్నవాళ్లందరూ నాకు రోజూ బజారులో ఎదురవుతుంటారు.

నా చదువు సంగతి ముందే చెప్పేస్తే నయం. తొమ్మిదో తరగతిలో లెక్కల మేష్టారికీ నాకూ అభిప్రాయభేదాలు వచ్చి బడి మానేశాను. ఆయన పిలవలేదు, నేను వెళ్లలేదు. మా నాన్నగారు మున్సిపాలిటీ కుళాయిల విభాగంలో పనిచేస్తూ పోవడంతో నన్ను అటెండరుగా తీసుకున్నారు. తర్వాత ప్రైవేటుగా కట్టిన పరీక్షలన్నీ ఒకటికి రెండుసార్లు రాసి, పేపర్లు దిద్దేవాళ్లకు విసుగు పుట్టించి, గుమాస్తానయ్యాను.

పార్లమెంటులో సభాపతి ముందున్న బల్ల దగ్గర కూర్చుని, ఆయన ముందుకు వంగినప్పుడల్లా నియమం అందించే పెద్ద అధికారిని మీరు టీవీలో చూసే ఉంటారు. ఆయన చేసే పనే చిన్న ఎత్తున మేమూ చేస్తాం. అజెండా తయారు చేయడం, సభ్యులకు నోటీసులు పంపడం, చైర్‌పర్సన్ చెవిలో నియమం ఊదడం, సభలో జరిగినదంతా మినిట్స్‌గా రాయడం మా పని. అన్నిటికన్నా ముఖ్యం కోరం చూసుకోవడం. మొత్తం సభ్యుల్లో కనీసం మూడో వంతు మంది కుర్చీల్లో ఉంటేనే అది సభ. లేకపోతే ఫ్యాన్ల కింద కూర్చున్న జనం.

ఆ ఊళ్లో వాకౌట్‌కి ఒక పద్ధతి ఉండేది. ప్రతిపక్ష నాయకుడు వెంకట సత్యనారాయణ గారు సభ రోజు ఉదయమే ఫోన్ చేసి, "సూర్రావు గారూ, ఇవాళ ఎక్కడ లేవమంటారండీ?" అని అడిగేవారు. "మురుగుకాలవల అంశం దగ్గర లేవండి, వీధి దీపాల వేళకి వచ్చేద్దురుగాని" అనేవాణ్ణి. నేను ఎదురుగా ఉన్న సోడా కొట్టుకి కబురు పెట్టేవాణ్ణి. ప్రతిపక్షం వారు నినాదాలిస్తూ వెళ్లి, నిమ్మకాయ సోడా తాగి, కుర్చీ నుంచి పిలుపు రాగానే వచ్చేసేవారు. "గౌరవ సభ్యులు సభకు సహకరించాలి" అని చైర్‌పర్సన్ అనేవారు, ఆ మాట నేను రోడ్డు దాటించేవాణ్ణి. పిలుపు లేకుండా మాత్రం ఒక్కరూ కదిలేవారు కాదు. మా వైపు పెళ్లికైనా, సభకైనా పిలవడంలో లోపం జరిగితే ఇక అంతే.

చైర్‌పర్సన్ వీరలక్ష్మి గారు రిటైరైన టీచరు. సత్యనారాయణ గారు ఆవిడకు స్వయానా మరిది. ఒకే ఇంట్లో రెండు పక్షాలు ఉండటం మా డెల్టాలో వింతేమీ కాదు. ఎవరు గెలిచినా ఇంటి ముందు రోడ్డు పడుతుంది.

నేను చెప్పబోయే సభకు పెద్ద ముహూర్తం అడ్డొచ్చింది. ఆ రోజు అధికార పక్షంలో సగం మంది పిఠాపురం వైపు పెళ్లిళ్లకు వెళ్లిపోయారు. తేదీ మార్చుదామంటే కుదరదు. కాలువ రోడ్డు మీద ఎండకూ వానకూ కూర్చుని చేపలమ్ముకునే ఆడవాళ్లకు షెడ్డు కట్టడానికి జిల్లా నుంచి నిధి మంజూరైంది. ఆ సాయంత్రంలోగా కౌన్సిల్ తీర్మానం జిల్లా కేంద్రానికి చేరకపోతే నిధి పక్క ఊరికి పోతుంది. రోడ్డు వెడల్పు పనులు మొదలవుతున్నాయి కాబట్టి చేపల తట్టలు ఎలాగూ అక్కణ్ణించి లేవాలి. షెడ్డు లేకపోతే వాళ్లు ఎక్కడికెళ్లాలో ఎవరికీ తెలియదు. అందుకే వాళ్ల పెద్ద మరిడమ్మ నలుగురిని వెంటేసుకుని పొద్దున్నే వచ్చి గేలరీలో కూర్చుంది.

ప్రతిపక్షం వారిని కలుపుకుంటేనే కోరం సరిపోయింది. ఆ మాట ఉదయం ఫోన్‌లో చెబితే, సత్యనారాయణ గారు ఈ పూట వాకౌట్ మానేస్తామని పెద్దమనసు చేసుకున్నారు.

సభ బాగానే మొదలైంది. మంచినీళ్ల ట్యాంకర్ల బిల్లు దగ్గర ఆయన లేచి, అలవాటు కొద్దీ, కొంచెం పొడుగ్గా మాట్లాడారు. ఆవిడ గంట కొట్టారు. ఆయన ఆపలేదు. మళ్లీ కొట్టారు. ఆయన గొంతు పెంచారు. అప్పుడు ఆవిడ మైకు ఆపకుండానే, ఇంట్లో అన్నం తినమని చెప్పినట్టు, "బుజ్జీ, ఇంక చాల్లే, కూర్చో నాన్నా" అన్నారు.

ముందు గేలరీలో చేపలమ్మే ఆడవాళ్లు నవ్వారు. విలేకరులు నవ్వారు. ఫ్యాను బాగుచేస్తున్న ఎలక్ట్రీషియన్ నిచ్చెన మీదే నవ్వాడు. నేను తల వంచుకుని రాస్తున్నట్టు నటించాను. సత్యనారాయణ గారు కండువా దులుపుకుని, తనవాళ్లందరితో బయటికి వెళ్లిపోయారు. నేను చూసిన వాకౌట్లన్నిటిలో ముందు ఫోన్ రానిది అదొక్కటే.

కోరం పోయింది. నియమం ప్రకారం అరగంట వేచి చూడాలి, అప్పటికీ సభ్యులు రాకపోతే వాయిదా వేయాలి. కమిషనర్ గారు, అంటే మా కార్యాలయానికి పెద్ద అధికారి, నా వైపు చూశారు. నేను చైర్‌పర్సన్ గారి దగ్గరికి వెళ్లి, ఒక విచారం ముక్క చెప్పి పిలిపించమన్నాను.

"విచారమా? మా అత్తగారు నా చేతిలో పెట్టేనాటికి వాడికి కుడి చెప్పేదో ఎడమ చెప్పేదో తెలీదండి. బుజ్జీ అనక ఏమనాలి?"

"గౌరవ సభ్యులు అనాలండి."

"గౌరవంగానే అన్నానండి. నాన్నా అన్నాను కదా."

రోడ్డు దాటి సోడా కొట్టు దగ్గరికి వెళ్లాను. ఆయన సోడా ముట్టుకోలేదు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

"సూర్రావు గారూ, మీసం నెరిసిన మనిషినండి నేను. రేపట్నుంచి వార్డులో అందరూ బుజ్జి గారూ అంటారు. ఆ మాట రికార్డుల్లోంచి తీయించేదాకా నేను లోపలికి రానండి."

అభ్యంతరకరమైన మాటను రికార్డుల నుంచి తొలగించే అధికారం కుర్చీకి ఉంది. కానీ అది సభ జరుగుతున్నప్పుడే చేయాలి. సభ జరగాలంటే కోరం కావాలి. కోరం కావాలంటే ఈయన రావాలి. తాళం చెవి పెట్టెలో పెట్టి తాళం వేసినట్టయింది నా పని.

మరిడమ్మ ఎప్పుడొచ్చిందో, నా వెనకే వచ్చి నిలబడి ఉంది. ఆయన్ని చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"బాబూ, మీ కోపమేదో లోపల పడండి. ఇక్కడ సోడా కొట్టోడికి చెప్తే ఆడేం చేత్తాడు? ఆడికీ మీ వదినంటే భయమే."

సోడా కొట్టు యజమాని ఔనని తలూపాడు. ఆవిడ దగ్గర చదువుకున్నవాడే.

నాకు మాత్రం ఆ మాటలో ఒక నియమం కనబడింది. సభా పద్ధతికి భంగం కలిగితే ఏ సభ్యుడైనా లేచి పాయింట్ ఆఫ్ ఆర్డర్ లేవనెత్తవచ్చు. నడుస్తున్న చర్చను ఆపి మరీ కుర్చీ దాన్ని వినాలి, అక్కడికక్కడే రూలింగు, అంటే తీర్పు, ఇవ్వాలి. కాకపోతే దాన్ని తన స్థానంలో నిలబడే లేవనెత్తాలి. సోడా కొట్టు ఎవరి స్థానమూ కాదు. ఆయనకు అదే చెప్పాను.

"అయితే నేను తగ్గి వచ్చినట్టు కాదాండీ?"

"ఎలా అవుతుందండీ? పోట్లాడ్డానికి వచ్చారు. మినిట్స్‌లో అలాగే రాస్తాను."

"ఏమని రాస్తారు?"

"తమ తీవ్ర నిరసనను తెలియజేయుటకై సభకు విచ్చేసిరి అని."

ఆయన ఆ వాక్యాన్ని రెండోసారి చెప్పించుకున్నారు. 'తీవ్ర' ముందు 'అత్యంత' చేర్చమన్నారు. చేర్చాను. అప్పుడు సోడా అడిగి, ఒక్క గుక్కలో తాగి, రోడ్డు దాటారు. వెనక ఆయన పక్షం, ఆ వెనక మరిడమ్మ.

నేను ముందుగా పరుగెత్తి చైర్‌పర్సన్ గారి చెవిలో రెండు సంగతులు చెప్పాను. తొలగిస్తున్నానని మాత్రమే అనాలి. ఆ మాట మళ్లీ పలికితే అది మళ్లీ రికార్డుకెక్కుతుంది.

ఆయన తన స్థానంలో నిలబడి, సభా గౌరవం గురించి మాట్లాడారు. నిజం చెప్పాలంటే బాగా మాట్లాడారు. ఆవిడ కళ్లజోడు సవరించుకుని తీర్పు మొదలుపెట్టారు. "గౌరవ సభ్యులు శ్రీ వెంకట సత్యనారాయణ గారిని ఉద్దేశించి కుర్చీ నుంచి వచ్చిన బు..." అని ఆగారు. నేను దగ్గాను. "...వచ్చిన పదాన్ని రికార్డుల నుంచి తొలగిస్తున్నాను" అని ముగించారు. ఆయన కూర్చున్నారు. ఆవిడ ఊపిరి కూడా తీసుకోకుండా చేపల షెడ్డు అంశం చదివారు.

పట్టింపు తీరింది కదా అని ఆయన ఇప్పుడు లేచిపోతే మేము చేయగలిగిందేమీ లేదు. ఆయన లేచారు. గేలరీలో మరిడమ్మ కూడా లేచింది. కుళాయి, మురుగు పోయే తూము లేకుండా చేపల షెడ్డు ఏంటని ఆయన నిలదీశారు. ఆ రెండూ చేర్చాలని సవరణ ప్రతిపాదించారు. ఆవిడ సవరణను అంగీకరించారు. తీర్మానం ఏకగ్రీవం. నేను ప్రతి రాసి, సంతకాలు చేయించి, కమిషనర్ గారి జీపులో జిల్లా కేంద్రానికి పంపాను. పొద్దుగూకక ముందే చేరినట్టు ఫోన్ వచ్చింది.

షెడ్డు లేచింది. కుళాయి ఎవరిదన్న విషయంలో అక్కడ రోజూ చర్చ జరుగుతుంది, కోరం సమస్య లేకుండా.

కౌన్సిల్ గుమాస్తా పనిలోకి కొత్తగా వచ్చేవారికి ఈ అనుభవం ఒక సంగతి చెబుతుంది. సభ్యుడు కోపంతో బయటికి వెళ్తే, ఆ కోపం న్యాయమైనదా కాదా అని తూచడం మన పని కాదు. చల్లార్చబోవడం అసలే కాదు, అలా చేస్తే పెరుగుతుంది. ఆ కోపాన్ని ఏ నియమం కింద లోపల చెప్పుకోవచ్చో వెతికి చూపించాలి. తన కుర్చీలో కూర్చుని ఎంత కోప్పడినా, ఆ మనిషి కోరంలో లెక్కే.