శుక్రవారం జారిన మ్యాట్లు

జగ్గయ్యపేటలో మిరప కళ్లానికి టార్పాలిన్ పట్టా కొనాలన్నా, పెళ్లివారింట్లో పరచడానికి జంపఖానా కావాలన్నా, టేబులు మీదికి రెక్సిన్ కోయించుకోవాలన్నా జనం పుష్పవతి కొట్టుకే వెళ్తారు. బోర్డు మీద ఆమె భర్త తిరుపతిరావు పేరుంటుంది. గల్లాపెట్టె దగ్గర కూర్చునేదీ ఆయనే. కాని సరుకు చూపించేది, కోసేది, మడిచి చేతికిచ్చేది పుష్పవతి. ఆవిడ కొట్లో లేకపోతే, ఉన్నప్పుడు వస్తాంలెమ్మని వెనక్కి పోయే రైతులున్నారు. దానికి తిరుపతిరావు నొచ్చుకోడు. పక్క కొట్టాయనతో కబుర్లు చెప్పుకోవడానికి తీరిక దొరికిందనుకుంటాడు.

కాపురానికి వచ్చిన కొత్తలో ఆమెకు ఒక పట్టాకూ ఇంకో పట్టాకూ తేడా తెలియదు. మామగారు కృష్ణయ్య ఆమెకు నేర్పింది ఒక్కటే, సరుకును కళ్లతో కాదు, చేత్తో చూడమని. మిగిలిందంతా ఆమె సొంతంగా నేర్చుకుంది. టార్పాలిన్ అంచును బొటనవేళ్ల మధ్య నలిపి చూస్తుంది. కొబ్బరిపీచు పట్టాను నేలకేసి కొట్టి, రాలిన పొడిని చూస్తుంది. రెక్సిన్‌ను మడిచి, మడత మీద గోరుతో గీరుతుంది. తనకు నచ్చకపోతే, కొనడానికి వచ్చినవాళ్లకు కూడా వద్దనే చెబుతుంది. చెడ్డ సరుకు చేతికివ్వదు అన్నదే పేటలో ఆమెకున్న పేరు. ఒక శ్రావణ మాసంలో ఆ పేరుకే ముప్పు వచ్చింది, యోగా మ్యాట్ల వల్ల.

మోకాళ్లు నొప్పి చేసి, డాక్టరు బరువు తగ్గమన్నాక పుష్పవతి యోగా క్లాసులో చేరింది. క్లాసు చెప్పే యశస్విని నందిగామ అమ్మాయి. సాయంత్రం బస్సులో పేటకు వచ్చి, గీతాంజలి గారింటి మేడమీద హాల్లో ఆడవాళ్లకు నేర్పించి వెళ్తుంది. గీతాంజలి వాళ్లది పొలాలున్న కుటుంబం. మనిషిది పెద్ద చెయ్యి, పెద్ద గొంతు. హాలు ఊరికే ఇచ్చింది. దాంతోపాటు క్లాసు పెత్తనం కూడా ఆవిడ చేతికే వచ్చింది.

హాలు నేల నున్నగా పాలిష్ పట్టించిన కడప రాయి. మొదట్లో ఎవరికి తోచింది వాళ్లు తెచ్చుకుని పరుచుకునేవాళ్లు. దుప్పటి వేసుకున్నవాళ్లు కాలు చాపితే దుప్పటితో సహా ముందుకు పోయేవాళ్లు. ప్లాస్టిక్ చాప వాళ్ల సంగతి ఇంకా అన్యాయం. చూసి చూసి యశస్విని ఒకరోజు, అందరికీ మంచి మ్యాట్లు మీరే తెప్పించండి ఆంటీ అని పుష్పవతిని అడిగింది.

ఆమె అప్పటిదాకా యోగా మ్యాట్ అమ్మలేదు. తెలియని సరుకు కాబట్టి విజయవాడ వెళ్లి కొట్టు కొట్టూ తిరిగింది. తిరుగుతుండగానే విషయం అర్థమైంది. మ్యాటుకు రెండు వైపులా పట్టుండాలి. అడుగుభాగం నేలను వదలకూడదు, పైభాగం పాదాన్ని వదలకూడదు. మందంగా, మెత్తగా ఉన్నవి చూడ్డానికి బావున్నాయి గానీ, వాటి మీద ఒంటికాలి మీద నిలబడితే మడమ దిగబడి మనిషి ఊగిపోతుంది. మరీ పల్చనివాటి మీద మోకాలు ఆనిస్తే రాయి తగులుతుంది. రెంటికీ మధ్యగా ఉన్నవి పక్కన పెట్టి, ఒక్కోదాని మీద అరచెయ్యి ఆనించి గట్టిగా ముందుకు తోసింది. తర్వాత చెమట పట్టినట్టు చెయ్యి తడి చేసుకుని మళ్లీ తోసింది. చెయ్యి కదలని రకాన్ని తెచ్చింది. అందరూ సంబరంగా తీసుకున్నారు. ఆషాఢమంతా ఆ మ్యాట్లకు ఏ వంకా రాలేదు.

శ్రావణం వచ్చింది. నోముల హడావుడిలో మొదట్లో శుక్రవారం క్లాసులు పెట్టుకోలేదు. వరలక్ష్మీ వ్రతం అయిన తర్వాతి శుక్రవారం మాత్రం గీతాంజలి, క్లాసూ చేద్దాం, పేరంటమూ చేద్దాం అని అందరినీ పిలిచింది. మెట్లెక్కి వచ్చిన ప్రతి ముత్తయిదువనూ గుమ్మం దగ్గర పీట మీద కూర్చోబెట్టి, తనే కాళ్లకు పసుపు రాసి, బొట్టు పెట్టి లోపలికి పంపింది. వెండి పళ్లెంలో నానబెట్టిన శనగలు, తాంబూలాలు గోడవారగా సర్దించింది. అవి క్లాసు అయ్యాక.

యశస్విని వీరభద్రాసనం వెయ్యమంది. ఒక కాలు ముందుకు చాపి మోకాలు వంచి, ఇంకో కాలు వెనక్కి తిన్నగా చాచి నిలబడే ఆసనం అది. నిలబడ్డారో లేదో, ముందు వరసలో ఒకావిడ కాలు సర్రున ముందుకు పోయింది. ఆవిడ పక్కామెను పట్టుకుంది, పక్కామె కూడా జారింది. పుష్పవతి తన కాలూ కదులుతోందని గ్రహించి గోడ పట్టుకుంది. గీతాంజలికి పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. రెండు కాళ్లూ రెండు వైపులకు పోయి, మెల్లగా కిందికి దిగి, పళ్లెం పక్కన చతికిలబడింది. దెబ్బ తగల్లేదు గానీ, పరువు మీద తగిలింది.

కదలకుండా నిలబడింది ఏసురత్నమ్మ ఒక్కతే. గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి.

"నేను కదల్లా. మీరంతా స్కేటింగ్ చేశారు" అంది.

అందరూ నవ్వారు, గీతాంజలి తప్ప. ఆవిడ లేచి చీర సర్దుకుని పుష్పవతి వైపు తిరిగింది.

"నువ్వు చూసి తెచ్చావంటే కళ్లు మూసుకుని తీసుకున్నాం వదినా. రెండు నెలలు తిరక్కుండానే నున్నబడిపోతే ఎట్లా?"

మ్యాట్లన్నీ వెనక్కి తీసుకుని వెళ్లమని గీతాంజలి తేల్చేసింది. కూతురు సుస్మితకు ఫోన్లో మంచివి చూడమని చెబుతానని, వచ్చే శుక్రవారం రాత్రి ఆర్డరు పెట్టిస్తానని, అందాకా కూర్చుని చేసే ఆసనాలే చేద్దామని అంది. ఇందులో పుష్పవతికి గుచ్చుకున్నది ఆర్డరు కాదు. కొట్టు పెట్టిన ఊళ్లోనే, తనతో పాటు క్లాసుకొచ్చే ఆడవాళ్లే, ఆమె చేతి ఎంపిక నమ్మలేమని ఫోను చూసుకోబోతున్నారు.

ఆ రాత్రి తిరుపతిరావు చాలా చెప్పాడు. మన పెద్దవాళ్లు ఈతచాప మీదే నూరేళ్లు బతికారని, కంపెనీవాళ్లే మోసం చేసుంటారని, అసలు వంగడం లేవడం ఇంట్లో పనిలోనే బోలెడుందని. ఆమె ఊకొట్టి పడుకుంది. పొద్దున్నే మ్యాట్లన్నీ కొట్టు వెనక వరండాలో పరిచింది. అరచెయ్యి ఆనించి తోస్తే ఏ మ్యాటూ జారలేదు. చెప్పులు విడిచి ఎక్కి నిలబడితే కాలూ జారలేదు. నిన్న మనుషుల్ని పడేసిన మ్యాట్లు ఈరోజు బుద్ధిగా ఉన్నాయి.

తుడిచి చుట్టి పెడదామని తడిగుడ్డ తెచ్చి వంగినప్పుడు చూసింది. ప్రతి మ్యాటు మీదా పాదాల దగ్గర పసుపు చారలున్నాయి, కుంచెతో లాగినట్టు పొడుగ్గా. ఒక్క మ్యాటు మీదే లేవు. దాని మూల మీద బాల్ పెన్నుతో ఏసురత్నమ్మ పేరుంది. ఏసురత్నమ్మ చర్చికి వెళ్లే మనిషి. నిన్న కూడా పీట మీద కూర్చుని బొట్టూ పసుపూ పెట్టించుకోకుండా, గీతాంజలికి దణ్ణం పెట్టి నవ్వుతూ లోపలికి వెళ్లింది.

పుష్పవతి ఇంట్లోకి వెళ్లి గిన్నెలో పసుపు కలుపుకుని కాళ్లకు రాసుకుంది. ఆరాక వచ్చి మ్యాటెక్కి కాలు చాపింది. సర్రున పోయింది. తడి పసుపు ఆరితే సన్నటి పొడి అవుతుంది. మ్యాటు పైభాగం నున్నటి ప్లాస్టిక్. ఆ రెంటి మధ్యా పాదం నిలవదు. తను ఒట్టి చేత్తో చూసింది, తడిచేత్తో చూసింది. శ్రావణ శుక్రవారం కాలుతో చూడలేదు. తనూ ఏటేటా పసుపు రాసుకునే మనిషే అయ్యుండి, ఆ సంగతి తోచనే లేదు.

కారణం తెలిసింది గానీ దాన్ని చెప్పడమెలాగో తెలియలేదు. మీ పసుపు వల్లే పడ్డారని గీతాంజలితో అంటే, సరుకు కాపాడుకోవడానికి అమ్మవారి పసుపుకు వంక పెట్టిందని అంటారు. శ్రావణంలో ఆ మాట ఎవరూ చెవిన వేసుకోరు. యశస్వినికి ఫోను చేసి చెప్పింది. ఆ అమ్మాయి తేలిగ్గా, క్లాసుకు ముందు అందరూ తడిగుడ్డతో కాళ్లు తుడుచుకుంటే సరిపోతుంది కదా ఆంటీ అంది.

"ముత్తయిదువ రాసిన పసుపు ఆమె ముందే తుడుచుకుంటామా అమ్మా? మీ అమ్మనడుగు, తుడుస్తుందేమో" అంది పుష్పవతి.

అవతల నుంచి నవ్వు వినిపించింది. నందిగామలో చంద్రమౌళి గారి హోల్‌సేల్ కొట్లో కొత్త రకాలు దిగాయని, ఒకసారి చూడమని చెప్పింది.

మర్నాడే పుష్పవతి హ్యాండ్‌బ్యాగులో పసుపు భరిణె పెట్టుకుని నందిగామ బస్సెక్కింది. చంద్రమౌళి పరుపులు, పట్టాలు, ఫోము షీట్లు టోకున అమ్మే పాతకాపు. ఆమె కొట్లో కూర్చుని, చెంబుతో నీళ్లడిగి, కాళ్లకు పసుపు రాసుకుని ఫ్యాను కింద ఆరబెట్టుకుంటూ ఉంటే కళ్లద్దాలు పైకి నెట్టి చూశాడు.

"మా కొట్లో పేరంటమా అమ్మా? చెప్తే శనగలు నానబెట్టించేవాణ్ణి గదా."

పుష్పవతి యోగా మ్యాట్లు అన్ని రకాలూ నేల మీద పరిపించమంది. ఒక్కోటి ఎక్కి, కాలు చాపి, ఒంటికాలి మీద నిలబడి, దిగింది. నిగనిగలాడే రకాలు మొదటి అడుగుకే జారాయి. గీతలు పోసినట్టున్న రకం కాసేపు ఆగింది గానీ, గీతల్లో పసుపు నిండగానే అదీ వదిలేసింది. సీసా బిరడాలు చేసే కార్క్ బెరడు పొర అంటించిన రకం బావుంది, కాని అంచు మడిచి చూస్తే పెచ్చు లేస్తోంది. వద్దని పక్కన పెట్టింది. బేరానికొచ్చిన ఇద్దరు ముగ్గురు తమ బేరం మరిచిపోయి చూస్తున్నారు.

"కాలితో బేరం చేసేవాళ్లని మిమ్మల్నే చూసా" అన్నాడు చంద్రమౌళి. ఆ తర్వాత తనే అటక మీంచి ఇంకో కట్ట దింపించాడు. చూడ్డానికి నదురుగా లేదని ఎవరూ అడగట్లేదట. అడుగున రబ్బరు, పైన జంపఖానాలా నేసిన నూలు.

పుష్పవతి ఎక్కి కాలు చాపింది. పసుపు నేత సందుల్లోకి దిగిపోయింది, పాదం కింద నూలు గరుగ్గా తగిలింది. ఇంకొంచెం చాపింది. కదల్లేదు. చెంబులో నీళ్లు నాలుగు చుక్కలు చిలకరించి చూస్తే, తడికి నూలు ఇంకా గట్టిగా పట్టింది. మ్యాటును తిరగేసి రబ్బరు వాసన చూసింది, నేల తడిపించి మడమతో తోసింది, అంచు కుట్టు లాగింది. మరక పడినా తెలియకుండా ఆవపిండి రంగువే ఏరుకుంది. పాతవి తనకే అమ్మెయ్యమని చంద్రమౌళి అంటే, అవి మంచి సరుకేనని, వాటికి తగిన కాళ్లు వేరే ఉన్నాయని చెప్పి, కట్ట బస్సెక్కించుకుని వచ్చింది.

శుక్రవారం సాయంత్రం అందరికంటే ముందే గీతాంజలి మేడెక్కింది. మ్యాట్లు పరిచి, వీటి మీద ఈ ఒక్కరోజు చేసి చూడండి, నచ్చకపోతే రాత్రికి సుస్మిత చేత ఆర్డరు పెట్టించుకోండి అంది. గీతాంజలి సరేనంది. పీట వేసి, పసుపు గిన్నె తీసి, మొదట పుష్పవతి కాళ్లకే రాసింది. ఆవిడ రాస్తే మడమల దాకా, వేళ్ల సందుల దాకా ఏ మాత్రం లోటుండదు. ఏసురత్నమ్మ మాత్రం కొత్తది వద్దని, తన పాత మ్యాటే కొట్లో అడిగి తీసుకుని చంకన పెట్టుకుని వచ్చింది.

యశస్విని మళ్లీ వీరభద్రాసనమే వెయ్యమంది. కాళ్లు ముందుకు చాపారు, మోకాళ్లు వంచారు, చేతులు పైకెత్తారు. పుష్పవతి తన కాలు చూసుకోలేదు. ముందు వరసలో గీతాంజలి పసుపు మడమ మీదే ఉన్నాయి ఆమె కళ్లు. ఆ మడమ ఉన్నచోటే ఉంది. రెండో వైపు తిరిగి చేశారు. అప్పుడూ ఎవరూ జారలేదు. తర్వాత వృక్షాసనం. ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదం తొడకు ఆనించి, చేతులు జోడించాలి.

గీతాంజలి ఒంటికాలి మీదే ఉండి, తల తిప్పకుండా అడిగింది.

"మరి పాతవాటికి ఏమొచ్చింది వదినా?"

పుష్పవతి అబద్ధం చెప్పి సరుకమ్మిన మనిషి కాదు.

"వాటికేం రాలేదు. కాళ్లకి పసుపు ఉంది. పసుపు కాళ్లకి అవి పనికిరావు. నేను చూసుకోవాల్సింది, చూసుకోలా."

గీతాంజలి జోడించిన చేతుల్ని కిందికి దించి చూసుకుంది. వేళ్లు పచ్చగా ఉన్నాయి. పెదవి బిగించింది, కాని నవ్వు ఆగలేదు. ఆవిడ నవ్వితే మేడంతా వినబడుతుంది.

"నేనే అందరి కాళ్లకీ రాసి, నేనే పడ్డానన్నమాట. ఆ రోజే చెప్పకపోయావా?"

"చెప్తే పసుపు మానేసేవాళ్లా?"

"మానను" అంది గీతాంజలి.

"అందుకేగా నందిగామ వెళ్లింది."

యశస్విని కాలు మార్చమంది. ఎవరూ మార్చలేదు. గుమ్మంలో ఫోను పట్టుకుని నిలబడ్డ సుస్మితను తల్లి అక్కణ్ణుంచే కేకేసింది, ఆ ఆర్డరు సంగతి ఇక వదిలెయ్యమ్మా అని. ఆ కేకకు ఒళ్లంతా ఊగింది గానీ, కాలు మాత్రం మ్యాటును వదల్లేదు.