ఎవరికి, ఎందుకు అని అడిగే మేడం

మార్కర్ పెన్ను మూత తీసినప్పుడల్లా ఆ ఘాటు వాసన నన్ను తార్నాకలోని ఒక వరండాలోకి లాక్కుపోతుంది. నేను నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తాను. ఊళ్ల నుంచి వచ్చిన నీళ్లు తాగడానికి పనికిరావని తేలితే సీసా మీద ఎర్ర అక్షరాలతో ‘హజార్డస్’ అని, అంటే ప్రమాదకరం అని రాస్తాం. తోటివాళ్లు ఆ ఒక్క మాట రాసి పక్కన పెట్టేస్తారు. నేను మాత్రం దాని కింద ఇంకో రెండు వరుసలు రాస్తాను. ఎవరికి, ఎందుకు. నాది చాదస్తమంటారు వాళ్లు. ఔను, చాదస్తమే. దాన్ని నాకు అంటించింది అన్నపూర్ణ మేడం. ఈ ఉదయం నా బల్ల మీదికి మా ఊరి సీసా వచ్చింది. ఫలితం తేలేదాకా కుదురుగా కూర్చోలేక ఆవిడ గురించి రాయడం మొదలుపెట్టాను.

మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజుల్లో యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివేదాన్ని. ఇంగ్లీషంటే చచ్చేంత భయం. క్లాసులో ప్రశ్న అడుగుతారేమోనని ఎప్పుడూ పొడుగ్గా ఉన్నవాళ్ల వెనక కూర్చునేదాన్ని. మేడం స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి తార్నాకలో స్థిరపడ్డ కుటుంబం. సాయంత్రం ఐదింటికి హాస్టల్ పిల్లలం ఏడెనిమిది మందిమి ఆవిడ వరండాలో చేరేవాళ్లం. ఆవిడ పద్ధతి వారానికి ఒక్క మాట. పాత క్యాలెండర్ కాగితం వెనక మార్కర్‌తో ఆ మాట రాసి వరండా గ్రిల్‌కు బట్టల క్లిప్పుతో తగిలించేవారు. ఆ మాటతో మేం సొంతంగా వాక్యాలు రాయాలి. కళ్లారా చూసిన సంగతే రాయాలి, గైడ్లోంచి ఎత్తిరాస్తే ఒప్పుకునేవారు కాదు.

ఆ వారం మాట హజార్డస్. నేను తెలివిగా, పొగతాగడం ఆరోగ్యానికి ప్రమాదకరమని రాసుకొచ్చాను. మేడం కళ్లజోడు పైనుంచి చూశారు.

“సిగరెట్లు కాలుస్తావామ్మా?”

అందరూ ఘొల్లుమన్నారు. “లే మేడం” అన్నాను తల దించుకుని.

“మరి దాని గొడవ నీకెందుకు? నీకు తెలిసిన ప్రమాదం రాయి. ఎవరికి ప్రమాదం, ఎందుకు ప్రమాదం? ఆ రెండూ చెప్పలేకపోతే ఆ మాట ముట్టుకోకు.”

మర్నాడు ఎన్నోసార్లు కొట్టేసి, చివరికి ఒక్క వాక్యం రాశాను. ‘అవర్ వాటర్ ఈజ్ హజార్డస్ టు మై ఫాదర్ బికాజ్ ఇట్ బెండ్స్ హిజ్ బోన్స్.’ మా నీళ్లు నాయిన ఎముకల్ని వంచేస్తాయి కనుక ఆయనకు ప్రమాదకరమని. మా ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడు. మా నాయినకు నలభై దాటకముందే మోకాళ్లు వంకరపోయాయి. నేల మీద కూర్చుంటే లేవలేడు. మేడం ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, పుస్తకం నా చేతికిచ్చి, “దీంట్లో దిద్దడానికేమీ లేదు” అన్నారు. ఆ సాయంత్రం హాస్టల్‌దాకా నేల మీద నడిచానో లేదో నాకే తెలియదు.

తర్వాత బంద్‌లు, ర్యాలీలు, క్యాంపస్ గేట్ల దగ్గర పోలీసులు. క్లాసులు జరిగీ జరగక, ఆ కాగితం నెల్లాళ్లు గ్రిల్‌కే వేలాడింది. నేనూ ఊరేగింపుల్లో గొంతు పోయేలా అరిచాను. మా గోస మాకు తెలుసు. హాస్టల్లో నా రూమ్మేట్ ఒకరోజు, “ఆంధ్రోళ్లింటికి రోజు పోవుడేంది? సిగ్గనిపిస్తలేదా?” అని నిలదీసింది. ఆ ఉక్రోషంతో వెళ్లి నోటుపుస్తకంలో రాశాను: ఆంధ్రా పీపుల్ ఆర్ హజార్డస్ టు అస్. రాసేదాకా పౌరుషమే. మేడం చేతికి ఇచ్చాక గేటువైపు జరిగి నిలబడ్డాను. బయటికి పొమ్మంటారనుకున్నాను.

మేడం మొహం ఎర్రబడింది. అయినా మామూలు గొంతుతోనే, “ఎవరికి అన్నది రాశావు. ఎందుకు అన్నది రాయలేదే?” అన్నారు.

“మా నీళ్లు మాకు రాలే మేడం. కొలువులు రాలే.”

“అది రాయి. దానికి కారణాలు చెప్పగలవు, నాతో వాదించగలవు కూడా. నన్ను కూడా ఈ వాక్యంలో కలిపావు కదా, నా వల్ల నీకు ఏం ప్రమాదం వచ్చిందో చూసి రాయి. మా ఆడపడుచు నిన్న ఫోన్ చేసి, హాస్టల్ పిల్లల్ని గేటు లోపలికి రానివ్వకు వదినా, డేంజరు అంది. ఆవిణ్ణీ ఇదే అడిగాను.”

“ఏమన్నరు?”

“ఫోన్ పెట్టేసింది.”

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ వాక్యం నేనే కొట్టేశాను.

పరీక్షలకు ఇంకా నెలన్నర ఉండగా క్యాంపస్‌లో టియర్ గ్యాస్ పేలింది. టీవీలో ఆ పొగ చూసిన నాయిన మర్నాడే పొద్దున బస్సెక్కి వచ్చాడు. “సంచి సదురుకో బిడ్డా. గీడ డేంజరున్నది. సదువు వద్దు ఏం వద్దు” అన్నాడు. ఎంత బతిమాలినా వినలేదు. ఇప్పుడు వెళ్తే మళ్లీ రానివ్వడని నాకు తెలుసు. మేడంకు చెప్పి వెళ్దామని మాత్రం ఒప్పించి తార్నాక తీసుకెళ్లాను.

మేడం ఆయన మోకాళ్లు చూసి, చాప తీసేసి ఎత్తు కుర్చీ వేశారు. మంచినీళ్లిచ్చి, నాతో, “నీళ్ల మీద రాసిన వాక్యం మీ నాన్నగారికి చదివి వినిపించు. తర్వాత తెలుగులో చెప్పు” అన్నారు. చదివాను. తెలుగులోనూ చెప్పాను. నాయిన చాలాసేపు తన కాళ్లవైపే చూసుకున్నాడు.

“గిది నువ్వు రాసినవా?”

“ఔ నాయినా. గా నీళ్ల సంగతి చూసేటి సదువే నేను సదివేది.”

“ప్రమాదం లేదని నేననను, మల్లయ్య గారూ” అన్నారు మేడం. “పొగ ఉంది, లాఠీ ఉంది. గొడవలున్న రోజుల్లో పిల్ల ఇక్కడే, మా ముందు గదిలో కూర్చుని చదువుకుంటుంది. పరీక్షలకు నేనే దగ్గరుండి తీసుకెళ్తాను.”

“మా పిల్లను ఇంట్ల వెట్టుకుంటె మీ వాడకట్టోళ్లు మిమ్ములను ఏమనరా అమ్మా?”

“అంటారు. అననివ్వండి.”

నాయిన లేచి, నా సంచి తీసి ముందు గదిలో పెట్టాడు. ఆ నెలన్నర అక్కడే చదివాను. పరీక్ష రోజున మేడం తడి తువ్వాలు సంచిలో పెట్టుకుని, గేటుదాకా నా వెంట నడిచారు. పొగొస్తే ముఖానికి కప్పుకోవాలని ఆవిడ ఏర్పాటు. పోలీసు ఆపితే, “మా అమ్మాయి” అన్నారు.

రాష్ట్రం వచ్చిన రోజు మిఠాయి పట్టుకెళ్తే, “ఇక సాకులు చెప్పకుండా పనిచెయ్యి” అని నా నోట్లోనే పెట్టారు. ఆవిడ పోయి మూడేళ్లయింది. ఆ వరండా ముందు నుంచి వెళ్లాల్సి వస్తే ఇప్పటికీ గ్రిల్‌కేసి చూస్తాను.

ఫలితం వచ్చింది. అవి బోరు నీళ్లు కావు, మా ఊరికి కొత్తగా వేసిన నల్లా నీళ్లు. రెండోసారి కూడా పరీక్షించాను. మార్కర్‌తో పనిలేదు. మూత పెట్టేసి నాయినకు ఫోన్ చేశాను.

“నాయినా, కొత్త నల్లా నీళ్లు మంచిగున్నయి. ఇగ తాగొచ్చు.”

నాయిన మెల్లగా అడిగాడు.

“ఎవలకు బిడ్డా? పసిపిల్లలకు గూడనా?”

“పసిపిల్లలకు గూడ నాయినా” అన్నాను.