భయపడుతూనే రాయమన్న సార్

ఊళ్ళో ఎవరు పోయినా మాకు కాస్త ముందే తెలుస్తుంది. నరసరావుపేటలో మాది పూలకొట్టు. పోయిన మంగళవారం పొద్దున్నే ఒకాయన స్కూటర్ దిగి, పెద్ద దండ కావాలి, తొందరగా అన్నాడు. ఎవరికని అడగటం మా నాన్నకి అలవాటు. "లెక్కల సార్‌కి. తెల్లారుజామున గుండెనొప్పి వచ్చిందంట, ఆస్పత్రికి తీసుకుపోయే లోపే అయిపోయింది," అన్నాడాయన. మా నాన్న చేతిలో దారం అట్టాగే పట్టుకుని నా వైపు చూశాడు. నేను లోపల చామంతులు ఏరతా ఉన్నాను. ఆ దండ కట్టటం నా వల్ల కాలేదు. నాన్నే కట్టాడు.

మూడేళ్ళ కిందట నేను ఇంటర్ రెండో ఏడాది లెక్కల్లో ఒక పేపర్ తప్పాను. ఇరవై ఆరు వస్తే పాసు, నాకు వచ్చింది పందొమ్మిది. ఇంట్లో ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మా నాన్న మాత్రం, "సప్లిమెంటరీ రాయి. అదీ పోతే ఇంక చదువు మానేసి కొట్లో కూర్చుందువుగానిలే," అన్నాడు. కోపంగా కాదు, నన్ను ఊరడిస్తున్నట్టు అన్నాడు. కొట్టంటే నాకేం చిన్నతనం కాదు, ఐదో క్లాసు నుంచి దండలు కడుతున్నదాన్ని. కానీ డిగ్రీ చదవాలని నాకు చానా ఆశ. ఆ ఆశంతా ఒక్క పేపర్ మీద వేలాడతా ఉంది.

నన్ను ముంచింది ప్రస్తారాలు, సంయోగాలు. ఇంతమందిని ఎన్ని రకాలుగా కూర్చోబెట్టొచ్చు, ఇన్ని అక్షరాలతో ఎన్ని పదాలు చేయొచ్చు, ఇవీ లెక్కలు. వినటానికి పిల్లలాటలాగా ఉంటాయి. రాయబోతే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయేదాన్ని. అంకె పక్కన ఆశ్చర్యార్థకంలాగా ఉండే ఫాక్టోరియల్ గుర్తు చూస్తే ఆ అంకె నా మీద అరుస్తున్నట్టుండేది. మీలో ఎవరికైనా పరీక్ష పేపర్ మీద అక్షరాలు కదిలినట్టు కనపడి ఉంటే నేను చెప్పేది అర్థమవుతుంది. మిగతావాళ్ళకి నేను ఎంత చెప్పినా దండగే.

తప్పినవాళ్ళకి మా కాలేజీ లెక్కల సార్ తన ఇంటి వరండాలోనే మధ్యాహ్నాలు చెప్పేవారు. మేము నలుగురం. మే నెల పల్నాడు ఎండలో ఆ వరండా గచ్చు కాలతా ఉండేది, సార్ బిందెడు నీళ్ళు చల్లి చాపలు పరిచేవారు. ప్రశ్న ఇచ్చాక ఐదు నిమిషాలు పెన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ప్రశ్న మూడుసార్లు పైకి చదవాలి. తర్వాత ఆయన అడిగేది ఒకటే. "వరస మారితే లెక్క మారుద్దా, మారదా? అది చెప్పు చాలు." సుద్దముక్క పట్టుకున్న చెయ్యి ప్యాంటుకే తుడుచుకునేవారు. సార్ వాళ్ళావిడ, మేడమ్ గారు, లోపల్నుంచి చూసి తల పట్టుకునేవారు.

నేను నోరు తెరిచేదాన్ని కాదు. తెలిసినా చెప్పేదాన్ని కాదు. ఒకరోజు ఏడుపొచ్చేసి, "సార్, నాకు భయం పోవట్లేదు, పోయాక వస్తాను," అన్నాను. సార్ నవ్వలేదు. "భయం పోయాక రాద్దామనుకుంటే మూడు గంటలు సరిపోవమ్మాయ్. భయపడుతూనే రాయి. దాన్ని పక్కన కూర్చోనీ, పెన్ను మాత్రం ఇయ్యమాక," అన్నారు. నాకప్పుడు ఆ మాట మీద ఒళ్ళు మండింది. భయపడేది నేను కదా, ఆయనకేం తెలుసు అనుకున్నాను.

ఆ వారమే చిన్న పరీక్ష పెట్టారు. రంగుకొకటి చొప్పున ఆరు పూలతో ఎన్ని రకాలుగా దండ చేయొచ్చు అని ఒక ప్రశ్న. నేను నూట ఇరవై అని రాశాను. జవాబు అరవై. దండని తిరగేస్తే అదే దండ కాబట్టి సగం చేయాలని పుస్తకంలో ఉంటుంది. "ఎందుకు సగం చెయ్యలేదమ్మా? నిన్నేగా చెప్పాను," అన్నారు సార్. నేను పేపర్ మడిచి పుస్తకంలో పెట్టేసుకున్నాను.

శుక్రవారం మా నాన్న నమాజుకి పోతే కొట్టు నేనే చూసుకుంటాను. ఆ శుక్రవారం సార్ వచ్చారు, వాళ్ళమ్మగారి ఫోటోకి దండ కోసం. కొట్లో కూడా ప్రశ్న అడుగుతారేమోనని తల వంచుకునే దండ అందించాను. ఆయన దండ తీసుకుని, పట్టుకోవటం చేతగాక వెనక్కి తిప్పారు. నేను ఎవరితో మాట్లాడుతున్నానో మర్చిపోయాను.

"అట్టా తిప్పమాకండి సార్. అది వెనక. ముడులన్నీ కనపడతయి. కట్టిన దండని తిప్పి వేస్తే ఇంక అది దండేంది?"

సార్ దండ వంక చూశారు. ముందు వైపు పూలు, వెనక వైపు దారం. మళ్ళీ నా వంక చూశారు.

"అందుకా నూట ఇరవై రాసింది?"

నేను తలూపాను. ఆయన అక్కడే స్టూల్ లాక్కుని కూర్చున్నారు. "నీ లెక్క తప్పు కాదు తల్లీ. ఆ ప్రశ్న రాసినాయన ఎప్పుడూ దండ కట్టి ఉండడు. నేనూ కట్టలేదు. ఇన్నేళ్ళూ తిరగేస్తే ఒకటే అని చెప్పుకుంటా వచ్చాను." దండ సంచిలో పెట్టుకుంటా, "పరీక్షలో మాత్రం సగం చెయ్యి. వాళ్ళ దండ పూసల దండ అనుకో. ఇంతకాలం నీకు రాదనుకున్నావు. రాక కాదు, ఎక్కువ తెలిసి తప్పావు," అన్నారు. మర్నాటి నుంచి వరండాలో నేను మాట్లాడటం మొదలుపెట్టాను. చెప్పేవన్నీ ఒప్పులేం కాదు, కానీ గొంతు లేచింది.

భయం పోయిందనుకునేరు. పోలేదు. పరీక్షరోజు పొద్దున తిన్న ఇడ్లీ లోపల నిలవలేదు. హాల్లో మొదటి పావుగంట చేతులు ఒళ్ళో పెట్టుకుని ప్రశ్నలు చదువుతా కూర్చుంటే, పక్క బెంచీ అమ్మాయి జాలిగా చూసింది. దండ ప్రశ్న రాలేదు. వచ్చినవి వణుకుతానే రాశాను. నెల తర్వాత ముప్పై నాలుగు మార్కులొచ్చినయి, డిగ్రీలో చేరాను, ఇప్పుడు చివరి ఏడాది. ఇవన్నీ సార్ వల్లే. ఈ మాట ఆయనతో ఒక్కసారి కూడా అనలేదు, అదే నా బాధ.

ఆ రోజు మూడు గంటలు రాసి బయటికొస్తే గేటు దగ్గర సార్ నిలబడి ఉన్నారు. చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. జిరాక్స్ కొట్టు ఆమె, "పొద్దుట్నుంచీ ఇక్కడే తిరగతన్నాడు మీ సారు, లోపలికొచ్చి ఫ్యాన్ కింద కూర్చోమన్నా రాడు," అంది. ఎట్టా రాశావని సార్ అడగలేదు. పేపర్ ఇటియ్యమని చెయ్యి చాపారు. ఇచ్చాను. ఆయన చేతుల్లో ఆ కాయితం రెపరెపలాడతా ఉంది. గాలేమీ లేదు. కళ్ళద్దాలు సర్దుకుని రెండుసార్లు చూశారు, అక్షరాలు ఆగటం లేదు.

"పరీక్షంటే నాకెప్పుడూ ఇంతేనమ్మాయ్," అన్నారు చిన్నగా. "కొంచెం పట్టుకో."

నేను రెండో అంచు పట్టుకున్నాను. పట్టుకుంటే కాయితం నిలిచింది. సార్ మొదటి ప్రశ్న పైకి చదవటం మొదలుపెట్టారు.