రాతిదుమ్ముకు నేను కట్టిన గుడ్డ

ఒక మనిషి ఊపిరితిత్తులను కాపాడబోయి, వాటిలోకి ఇంకాస్త రాతిదుమ్ము ఎక్కించిన మహాతల్లి ఎక్కడైనా ఉందా అని అడిగితే, మీరు వెతకనక్కర్లేదు, నేనే. చిన్నతనం, తెలియక చేశానని తప్పించుకుందామంటే అప్పటికే నాకు అరవై దాటాయి.

హోసూరులో మాకు గ్రానైటు దుకాణం. రాళ్లు కోసి నునుపు చేసే షెడ్డు కుందారపల్లి దగ్గర, హైవే పక్కన. షెడ్డు లెక్కలూ శుభ్రమూ నావి. లెక్క తేలకపోతే అన్నం సహించని రకాన్ని. వంటగట్టు రాళ్లకు అంచులు అరగదీసేవాడు మునిరత్నం. మా దగ్గరే అతనికి మీసం మొలిచింది, మా దగ్గరే నెరిసింది. ఆ ఏడాది దగ్గు ఆగక కృష్ణగిరిలో డాక్టరుకు చూపించుకుంటే, లోపలికి పోయిన రాతిదుమ్ము ఇక బయటికి రాదు, కొత్తది పోకుండా చూసుకో అన్నాడట.

మరునాడు అతని భార్య లక్ష్మమ్మ వచ్చి నా ముందు నిలబడింది.

"ఇంక ఈయప్పను పనికి పంపేది లేదమ్మా."

"వేరే పని నేర్చుకునే వయసా నాది?" అని వెనక నుంచి మునిరత్నం గొణిగాడు.

"దుమ్ము లేకుండా నేను చేస్తాను లక్ష్మమ్మా. ఆయుధపూజకు వచ్చి చూడు. అప్పుడు కూడా దుమ్ముంటే నువ్వే పిలుచుకొని పో" అన్నాను.

మాట ఇచ్చేశాక ఉపాయం వెతకడం నా అలవాటు. మా మేనకోడలు స్వప్న అనంతపురం నుంచి వచ్చి ఇక్కడి ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా చేస్తోంది. ఫోన్ చేశాను.

"ఊడ్చొద్దు అత్తా. రాతిదుమ్ముకు వేరే వ్యాక్యూమ్ ఉంటాది. ఇంట్లో వాడేది ముందర పీల్చి, సన్నదుమ్మంతా వెనక నుంచి ఊదేస్తాది. ఫిల్టరు చూసి కొను."

"సరేలేవే" అన్నాను. నేను సరేలే అన్నానంటే వినలేదని అర్థం. పాపం, ఆ పిల్లకు అప్పటికి తెలియదు.

బజారులో షాపతను, "నువ్వు చెప్పేది ఆర్డరు పెట్టాల. పూజ అయినాకనే వస్తాది. ఇప్పుడు ఈడ ఉండేది ఇంట్లో వాడేదే" అన్నాడు.

"దీనికి బలముందా?"

"చూడమ్మా!" అని భుజం మీది తువ్వాలు దాని మూతికి చూపించాడు. తువ్వాలు సగం లోపలికి పోయింది. మిగతా సగం కోసం అతనూ మెషీనూ కాసేపు పెనుగులాడారు. తువ్వాలునే మింగేది దుమ్మును వదులుతుందా? పెళ్లికొడుకు గుణం అడక్కుండా, విందులో అతని ఆకలి చూసి పిల్లనిచ్చినట్టు, కొనేశాను.

ఆయుధపూజ పొద్దున కాసేపు నడిపేసరికి దాని కాగితం ఫిల్టరు పూడిపోయి, మెషీను ముసలి గేదెలా మూలిగింది. బుద్ధి ఉన్నవాళ్లు అక్కడ ఆపేస్తారు. నేను బాగుచేశాను. ఫిల్టరు పీకేసి, ఇంట్లో పసుపు జల్లించుకునే పల్చటి గుడ్డ తెప్పించి కట్టాను. మా పసుపు ఎంత మెత్తగా ఉంటుందో వీధంతా ఎరుగును. అంత నమ్మకమైన గుడ్డ మరి! మెషీను గర్జించింది. నేల అద్దమైంది.

"మునిరత్నమప్పా, ఆ మాస్కు తీసెయ్. ఇంక దుమ్ము యాడుంది?"

"ఉండనీలేమ్మా."

"పండగపూట మూతి కట్టుకుంటారా? తియ్యి!"

తీశాడు. నా మాట ఎప్పుడూ కాదనలేదు ఆ మనిషి.

పూజకు లక్ష్మమ్మ, స్వప్న ఒకేసారి వచ్చారు. వాళ్లు తలుపు తీయగానే ఎండ ఏటవాలుగా లోపలికి పడింది. ఆ ఎండలో దుమ్ము పలచటి మజ్జిగలా నిలబడి ఉంది. పూజకు పెట్టిన గుమ్మడికాయ మీది కుంకుమ కనబడలేదు. మెషీను వెనక నిలబడిన మునిరత్నం కనురెప్పలు కూడా తెల్లబడ్డాయి.

స్వప్న ముక్కు మూసుకుని పరుగున వెళ్లి స్విచ్చి ఆపింది. అందరినీ బయటికి తోలింది.

"అత్తా, దానికేం కట్టినావు?"

"పసుపు జల్లించే గుడ్డ."

"పసుపు జల్లిస్తే గుడ్డలో మిగిలేదేంది?"

"బరక. పారేస్తాం."

"కిందికి దిగేది?"

కిందికి దిగేదే కదా మెత్తనిది! బరక దుమ్మును భద్రంగా సంచిలో దాచి, ఛాతీలోకి దిగే మెత్తని పొడినే ఏరి ఏరి మునిరత్నం ముఖాన ఊదాను. శత్రువు కూడా అంత శ్రద్ధగా చేయడు.

లక్ష్మమ్మ చెంగు తడిపి మొగుడి ముఖం తుడిచింది.

"మాట చెప్పింది నువ్వే కదమ్మా. పోయొస్తాము" అంది. ప్రసాదం తీసుకోలేదు.

తరువాత స్వప్న ఎంచిన మెషీను వచ్చింది. రాళ్లను తడిపి అరగదీసే ఏర్పాటూ జరిగింది. ఆ శుభవార్త చెప్పడానికి ఉద్దనపల్లి వెళ్లాను. మునిరత్నం ఇప్పుడక్కడ టమాటా మండీలో తూకం దగ్గర కూర్చుంటున్నాడు. ఫిల్టరు గురించి, సీలు వేసే సంచి గురించి నేను చెప్పినదంతా ఓపికగా విన్నాడు.

"దాంట్లో నువ్వేమన్నా మార్చినావా అమ్మా?"

"లేదప్పా, చెయ్యి కూడా పెట్టలేదు."

"అట్లయితే పని చేస్తాదిలే" అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. నవ్వు ఎప్పుడో అయిపోయింది, దగ్గు మాత్రం చాలాసేపు నడిచింది. లక్ష్మమ్మ నా వైపు చూడకుండా అతనికి నీళ్లు ఇచ్చింది.

కాబట్టి యావన్మందికీ తెలియజేయడమేమనగా: ఇకమీదట ఏ మెషీను కొన్నా దాని ముందు నిలబడి మురిసిపోను, వెనక నిలబడి చూసి కొంటాను. కొన్న తరువాత, ప్రాణం పోయినా సరే, దాన్ని బాగుచేయను.