మారుపేరుతో విన్న నాట్ల పాట

కంభంలో మా ఇంటర్నెట్ దుకాణానికి వచ్చేవాళ్ళలో సగం మంది నా కోపానికి భయపడతారు, మిగతా సగం దాన్ని చూడడానికే వస్తారు. దరఖాస్తు నింపమని వచ్చి ఆధార్ కార్డు ఇంట్లో మరిచిపోయిన మనిషిని నేను ఊరికే వదలను. ఆ కోపంతోనే ఒకసారి దుకాణంలోని నాలుగు కంప్యూటర్లనూ లినక్స్‌కు మార్పించేశాను. జనం తెచ్చే పెన్‌డ్రైవుల వల్ల వైరస్‌లు పట్టి అవి నెలకోసారి మూలపడేవి. బాగుచేయడానికి వచ్చే మనిషి వచ్చినప్పుడల్లా కొత్తవి కొనమనేవాడు. గిద్దలూరులో ఒక కాలేజీ లెక్చరరు ఉన్నాడు, నాకు తమ్ముడి వరస. "అక్కా, కంప్యూటర్‌ను నడిపించే ప్రోగ్రాం వేరేది ఉంది. ఊరికే వస్తాది, పాత మిషన్ల మీద కూడా బాగా నడుస్తాది" అన్నాడు. ఒక ఆదివారం వచ్చి నాలుగింటిలోనూ ఎక్కించి వెళ్ళాడు. ఆ తర్వాత వైరస్ అన్న మాట నా దుకాణంలో వినపడలేదు.

గొడవ ఇంకో చోట మొదలైంది. కొన్ని వెబ్‌సైట్లు మా కంప్యూటర్లను గడప తొక్కనిచ్చేవి కావు. మీ సిస్టమ్ ఈ సేవకు సరిపోదంటూ తెర మీద ఒక పెట్టె వచ్చి నిలబడేది. దానికి కిటుకు కూడా తమ్ముడే చెప్పాడు. ఏ వెబ్‌సైటుకు వెళ్ళినా మన బ్రౌజరు ముందుగా తాను ఎలాంటి కంప్యూటర్ నుంచి వస్తున్నదో చెప్పుకుంటుంది. సెట్టింగులో ఒక్క మాట మారిస్తే, లినక్స్ అని చెప్పకుండా అందరూ వాడే సిస్టమ్ పేరు చెబుతుంది. అంతే, లోపలికి రానిస్తారు. తమ్ముడు, నేను, మార్కాపురంలో ఒక స్కూలు టీచరు, దొనకొండలో ఒక రైల్వే ఉద్యోగి, మాకు తెలిసి ఈ చుట్టుపక్కల లినక్స్ వాడేది నలుగురమే. నలుగురం మారుపేరు పెట్టుకుని హాయిగా ఉన్నాం.

ఒక సంత రోజున చెరువు కింది ఊరి నుంచి ఒక పెద్దమ్మ పింఛను కాగితం పని మీద వచ్చింది. నాకు చుట్టమేమీ కాదు. మా వైపు ఆ వయసు ఆడమనిషి ఎవరైనా పెద్దమ్మే. ప్రభుత్వ రేడియో వాళ్ళు పాత రికార్డింగులన్నీ ఇంటర్నెట్‌లో పెట్టారని నేను ఎవరితోనో చెబుతుంటే, ఆమె కాగితం పక్కన పెట్టేసింది.

"అయితే మా పాట కూడా ఉండాల. మిషన్ తెచ్చుకొని మా మడికాడికే వచ్చినారు. నేను, మా తోడికోడలు పాడినాం."

అది వరినాట్ల పాట. ఒకామె ఎత్తుకుంటుంది, ఇంకొకామె అందుకుంటుంది. ఎత్తేవాళ్ళకు ఎత్తే సగమే నోటికి వస్తుంది, అందుకునేవాళ్ళకు అందుకునే సగమే. నడుము వంచి నాటు వేస్తూ ఎవరి సగం వాళ్ళు పాడుకోవడమే తప్ప, రెండో సగం నేర్చుకోవాలని ఎవరికీ తోచదు. పెద్దమ్మ ఎత్తే మనిషి. అందుకునే తోడికోడలు పోయి చాలా ఏళ్ళయింది. ఆమెతోపాటే పాటలో సగం పోయింది. ఇప్పుడు ఇంట్లో పిల్లలు పాట నేర్పమని అడిగితే, సగం పాడి ఆగిపోవాల్సి వస్తున్నదట.

"రేడియోలో వేసిన పొద్దు ఊరంతా విన్నారు, మేమిద్దరం తప్ప. ఎవరిదో మడిలో నాట్లల్లో ఉన్నాం. వదిలిపెట్టి ఎట్ల పోతాం? ఇంకోసారి వేయమని అడగొచ్చని మాకు తెలవకపాయె" అంది.

వెతికితే దొరికింది. పాడినవాళ్ళ పేర్లు లేవు, కంభం చెరువు కింద నాట్లు అని మాత్రం రాసి ఉంది. ఆ వెబ్‌సైటు కూడా లినక్స్‌ను రానివ్వదు. మారుపేరుతోనే నొక్కాను. ముందు పెద్దమ్మ గొంతే వచ్చింది, కానీ ఆమె దాన్ని పట్టించుకోలేదు. రెండో గొంతు రాగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అదే. ముక్కుతోనే పాడేది. చెప్తే వినేది కాదు" అంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నేను ఆమె వైపు చూడకుండా ప్రింటరు మీద పడి ఏదో సర్దాను. అప్పటినుంచి ప్రతి సంత రోజూ వచ్చి ఒక్కసారి విని, తోడికోడలి సగంలో ఒకటో రెండో చరణాలు నోటికి పట్టించుకుని వెళ్ళేది.

అలా నాలుగు వారాలు గడిచాయో లేదో, రేడియో వాళ్ళు కొత్త వెబ్‌సైటు తెస్తున్నామని, శ్రోతలు అభిప్రాయాలు రాయమని ప్రకటన ఇచ్చారు. అది వస్తే మా కిటుకు పనిచేయదని తమ్ముడు తేల్చాడు. అందరి పన్నులతో నడిచే రేడియో అన్ని రకాల కంప్యూటర్లలోనూ వినపడాలి కదా అని నలుగురం కలిసి మర్యాదగానే ఉత్తరం రాశాం. నేను రాసిన మొదటి ముక్కలు తమ్ముడు కొట్టేశాడు కాబట్టి మర్యాదగా ఉంది. జవాబు కూడా మర్యాదగానే వచ్చింది. తమ వెబ్‌సైటుకు ఎవరెవరు ఏ కంప్యూటర్ నుంచి వస్తున్నారో తాము చూసుకుంటూనే ఉన్నామని, లినక్స్ నుంచి వచ్చినవాళ్ళు తమకు కనబడనే లేదని, లేనివాళ్ళ కోసం ఏర్పాటు చేయడం కష్టమని.

నా ఒళ్ళు మండిపోయింది. ఫోనులోనే తమ్ముడి మీద విరుచుకుపడ్డాను. 

"వాళ్ళు అబద్ధం చెప్పలేదక్కా. మనమే చెప్పినాం" అన్నాడు.

తల పట్టుకుని కూర్చున్నాను. మేం వెళ్ళిన ప్రతిసారీ ఇంకొకరి పేరు చెప్పే వెళ్ళాం. ఇక మేం ఉన్నామని వాళ్ళకెలా తెలుస్తుంది? మా గొయ్యి మేమే తవ్వుకుని, అందులో చల్లగా ఉందని కూడా అనుకున్నాం. ఆ రోజే నలుగురం మారుపేరు తీసేశాం. కొత్త వెబ్‌సైటు తయారయ్యేలోగా నెల రోజులు అసలు పేరుతోనే తలుపు తట్టాలి, పొమ్మన్నా మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి అనుకున్నాం. పొమ్మన్నట్టయినా వాళ్ళ దగ్గర నమోదవుతుంది కదా.

తర్వాతి సంత రోజు గుర్తొచ్చేసరికి నా ధైర్యం జారిపోయింది. పెద్దమ్మ వచ్చి, చెప్పులు బయట విడిచి, ఎప్పటి కుర్చీలో కూర్చుంది. తోడికోడలి సగంలో ఆమె నేర్చుకోవాల్సింది ఇంకా సగం మిగిలే ఉంది. జరిగిందంతా దాచకుండా చెప్పాను.

"పక్క దుకాణంలో వేరే సిస్టమ్ ఉంది పెద్దమ్మా. నేనే తోడు వచ్చి పెట్టిస్తా. నీ పాట నువ్వు పోగొట్టుకోవద్దు" అన్నాను. పక్క దుకాణం వాడితో నాకు రెండేళ్ళుగా మాటల్లేవు. అయినా వెళ్దామనే అనుకున్నాను.

ఆమె తెర వైపు చూసింది. "ఇప్పుడు నీ దాంట్లో నొక్కితే పాట రాదు. కానీ ఎవరో వచ్చినారని వాళ్ళకు తెలుస్తాది. అంతేనా?"

"అంతే."

"అట్లయితే నొక్కు. ఆ పొద్దు ఇంకోసారి వేయమని మేం అడగలేదు. అడిగింటే మా తోడికోడలు కూడా విని పోయేది."

నొక్కాను. పెట్టె వచ్చింది. దాన్ని నన్ను చదివి వినిపించమంది. విని, "సరే, ఆ పక్క దాంట్లో" అంది. ఆ రోజు నాలుగు కంప్యూటర్లలోనూ నొక్కించి, నాలుగుసార్లూ పొమ్మనిపించుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. పై వారమూ అంతే. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఆ పని నేను చేశాను, ఆమె వెళ్ళాక కీబోర్డు మీద.

మూడో సంత రోజున ఫోను వచ్చింది. ఉత్తరంలో నా నంబరు ఇచ్చాం. వెబ్‌సైటు చూసే అధికారి, మంచి మాటతీరు. "కంభం నుంచి వారం వారం ఒకే పాటను లినక్స్‌లో నొక్కుతున్నారమ్మా. రాదని తెలిసి కూడా. మీరేమైనా పరీక్ష చేస్తున్నారా?" అని అడిగాడు.

ఇన్ని రోజులుగా దాచుకున్న మాటలన్నీ నాలుక చివరికి వచ్చాయి. కానీ పెద్దమ్మ పక్కనే కూర్చుని నా మొహంలోకి చూస్తోంది. ఆయన అడిగింది ఆమెకు చెప్పి, స్పీకరు పెట్టి ఫోను ఆమె చేతికే ఇచ్చాను.

"నొక్కేది నేనే నాయనా" అంది. "ఆ పాట పాడింది కూడా నేనే."

ఆయన గొంతు తగ్గించి, "మీ పాట మీకే వినపడడం లేదా అమ్మా?" అన్నాడు.

"నా సగం నాకు వచ్చులే. అది మీరే పెట్టుకోండి. మా తోడికోడలి సగం ఇయ్యండి, చాలు."