కొసరు గిలక్కాయ

మా జమానాల బొమ్మల డబ్బాల మీద ఏ ముద్రా ఉండకపోయేది, ఎన్నేండ్ల పిల్లలకు ఇయ్యాలెనో రాసి ఉండకపోయేది. అయినా డెబ్భైల చివర్ల వరంగల్ బజార్ల మా బావ నడిపిన బొమ్మల దుకాణంల ఒక పరీక్ష ఉండేది, ఆ పరీక్ష పెట్టేది బావ వాళ్లమ్మ. నాకు అత్తమ్మ. ఆమె నోట్ల ఒక్క పన్ను లేదు. హైదరాబాద్ నుంచి బస్తా దిగంగనే పీటేసుకొని కూసుండి, ఒక్కొక్క గిలక్కాయను నోట్ల పెట్టి చిగుళ్లతోని నమిలేది. రంగు నాలుకకు అంటినా, మూత కదిలినా అది అమ్మకానికి పోదు. (నమిలినయన్ని కడుగుడు నా డ్యూటీ. బీయెస్సీ పాసై నౌకరీ దొరకక అక్క ఇంట్ల పడి తింటున్నందుకు బావ ఇచ్చిన హోదా అది.) గిరాకీల ముంగట ఆమె అట్ల నములుతాంటే నాకు తల తీసేసినట్టుండేది. ఒకనాడు ధైర్యం చేసి, ఎందుకత్తమ్మా ఇదంతా అని అడిగిన. "నా నోట్ల పండ్లు లెవ్వు, చంటిపిల్ల నోట్ల పండ్లు లెవ్వు. నేను గాక ఇంకెవరు చూడాలె కొడుకా?" అన్నది. నేను నమిలినయి ఏరుకొని కడగబోయిన.

ఒక వారం బావ సరుకు కోసం హైదరాబాద్ పోయిండు. అత్తమ్మ కాశిబుగ్గల చెల్లెలింట్ల ఉన్నది. పొద్దున దుకాణం తెరిచిన్నో లేదో నెక్కొండ తాత వచ్చిండు, అక్కడి వారపు అంగట్ల బుట్ట పెట్టుకొని బొమ్మలమ్మే ముసలాయన. ఆ రోజే అంగడి, రైలుకు టైమైతాంది, గిలక్కాయలు డజను కావాలె అని తొందర పెట్టిండు. ఉన్నదంతా బావ పంపంగ రాత్రి దిగిన కొత్త బస్తా, అత్తమ్మ నోటికి ఇంకా పోలే. నేను ఒకటి తీసి చెవి దగ్గర ఊపిన, మూతను బొటనవేలుతో నొక్కిన. సైన్సు చదివినోణ్ని, ఇంకేం పరీక్ష కావాలె అనుకున్న. డజను లెక్కబెట్టి ఇచ్చి, మా దుకాణం రివాజు తప్పకుండ కొసరు కింద ఇంకొకటి బుట్టల వేసిన.

పది గంటలకు అత్తమ్మ వచ్చింది. చెప్పులిడిచి నేరుగా బస్తా ముంగట కూసున్నది. మొదటి గిలక్కాయ రెండుసార్లు నమిలిందో లేదో, టక్కున మూత ఊడింది. ఆమె అరచేతిలకు ఉమ్మితే ఐదు గాజుపూసలు పడ్డయి, శనగగింజంత ఉంటయేమో ఒక్కోటి. రెండోది అంతే, మూడోది అంతే. ఆమె తలెత్తి నన్ను చూసింది. ఎన్ని పోయినయిరా అంటే డజను అన్న. "పో. పన్నెండూ తీస్కరా. ఏ తల్లి కడుపుకోతా మనకొద్దు," అన్నది. నేను స్టేషన్‌కు ఉరికిన.

ప్యాసింజర్ రైలు ఎప్పుడూ అంత మెల్లగ పోలేదు. నెక్కొండ అంగట్ల తాత బుట్టల ఏడే ఉన్నయి. ఐదు అమ్ముడుపోయినయట. ఇద్దరం ఉల్లిగడ్డల గుట్టల నడుమ, గాజుల బండ్ల నడుమ చంటిపిల్లలున్న తల్లులను వెతికినం. బదులుగా తాత బుట్టలున్న రబ్బరు బుగ్గలు ఊది ఇస్తమంటే నలుగురు ఇచ్చిండ్రు. ఐదో ఆమె మాత్రం ఇయ్యనన్నది, పిల్లగాడు ఏడుస్తడట. మూత ఊడుతదని చూపెట్టనీకి బుట్టలది ఒకటి నేనే కొరికిన. "గంత బలంగ కొరికితే ఇనుమన్న పలుగుతది," అని ఆమె నా పండ్ల వైపు చూసింది. ఆఖరుకు తాత ఇంకోటి తన బోసినోట్ల పెట్టుకొని నమిలిండు. మూత ఊడింది. ఆమె పిల్లగాని చేతుల నుంచి గుంజి ఇచ్చింది. నా బీయెస్సీ మీద నాకే నవ్వొచ్చింది, నవ్వే తీరిక లేదు గని.

పన్నెండు. సంచిల వేసుకొని, పానం కుదుటపడ్డదని ఒక సోడా కొట్టించుకున్న. సగం తాగిన్నో లేదో తాత మెల్లగ అడిగిండు: "మరి కొసరుది?"

సోడా సీస బండి మీద పెట్టేసిన. కొసరును ఎవ్వరూ లెక్కల పట్టరు. అదే మా బుద్ధి. తాత దాన్ని అమ్మనేలేదు, రైలు దిగంగనే ఇంట్ల మనుమరాలికి ఇచ్చి అంగడికి వచ్చిండట. ఇల్లు రైలు గేటుకు అవతల. నేను ముంగట, ఆయాసపడుకుంట తాత వెనక. గుమ్మంల ఆయన కోడలు బియ్యం చెరుగుతాంది. లోపట చాప మీద తొమ్మిది నెలల పిల్ల. గిలక్కాయ రెండు ముక్కలై పడి ఉన్నది. పూసలు ఏరిన. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదోది లేదు. చాప ఎత్తి దులిపిన, లేదు. కోడలు చాట పారేసి వచ్చి పిల్ల నోట్ల వేలు పెట్టి దేవింది, లేదు. పిల్ల కిక్కురుమంటలేదు, మా ముగ్గురిని మార్చి మార్చి చూస్తాంది. దవాఖానకు ఎత్తుకపోదామని తాత అంటాండు. నేను పిల్లను ఎత్తుకోబోయిన. అప్పుడు చూసిన, పిల్ల ఎడమచెయ్యి గుప్పిట బిగపట్టి ఉన్నది. మెల్లగ ఒక్కొక్క వేలు తీసిన. పూస చెమటకు అరచేతికే అంటుకొని ఉన్నది. పిల్ల కిలకిల నవ్వింది. వెక్కి వెక్కి ఏడ్చింది నేను.

సాయంత్రం అత్తమ్మ ముంగట పదమూడు పెట్టిన. పన్నెండే అన్నవు కదా అని ఆమె అడగలే, నా మొహం చూసి అన్నం పెట్టింది. ఆ మరుసటి వారం బావను తోలుకొని హైదరాబాద్‌ల గిలక్కాయలు చేసేటాయన ఇంటికే పోయింది. ఆయన ముంగట పీటేసుకొని కూసుండి బస్తంత నమిలి, ఊడిన మూతలు ఆయన ఒళ్లె పోసిందట. (తర్వాత వచ్చిన మూతలు మా సుత్తెకు సుత లొంగలే.)

ఇప్పుడు నా మనుమరాలికి వచ్చే బొమ్మల డబ్బాల మీద జాగ్రత్తలు ఇంత బారున రాసి ఉంటయి. అద్దాలు పెట్టుకొని అన్నీ చదువుత. చదివినంక, కోడలు వంటింట్ల ఉన్నది చూసుకొని, నా కట్టుడుపండ్లు తీసి గిన్నెల వేసి, బొమ్మను చిగుళ్లతోని నములుత. ఒకనాడు సిగ్గుపడ్డ బీయెస్సీని నేనే. పిల్ల నా ముంగట ఓపికగ నిలబడ్తది, ఇంట్ల ఇదొక రివాజు అనుకుంటాంది పాపం. బొమ్మ ఇచ్చే ముందు, గుప్పిట తెరువు బిడ్డా అంట. తెరుస్తది. ఆ ఖాళీ అరచెయ్యి చూస్తే ఇప్పటికీ నా పానం నిమ్మళమైతది.