వెన్నుపూస పీటను సముద్రానికిచ్చి వద్దామని వెళ్లాం

మా సూరమ్మత్త ఫోన్ చేసి పడవ మాట్లాడమంది. ఆసుపత్రికి తోడు రమ్మంటుంది, గుడికి కారు మాట్లాడమంటుంది గానీ, బుద్ధెరిగాక ఆవిడ పడవెక్కింది లేదు. "పీటని సముద్రంలో ఇడిసేద్దామమ్మీ. ఇంకా ఇంట్లో ఎట్టుకుంటే నా కూతురు గుంట బతకదు," అంది. ఆ పీట చెక్కది కాదు, తిమింగలం వెన్నుపూస. మలేషియాలోని సుంగై సుమున్‌లో కొబ్బరి ఎస్టేటు పనికొచ్చిన మా ముత్తాత, ఒడ్డు బురదలో అస్థిపంజరం చూసి, గుండ్రటి ఎముకొకటి సైకిలు మీద ఇంటికి తెచ్చాడట. చూడ్డానికి తిరగలి రాయి, ఎత్తితే అంత బరువుండదు. మా ఇంటి ఆడపిల్లలందరికీ నలుగు పెట్టింది దాని మీదే, నాకూ అంతే. అత్త కూతురు లక్ష్మికి సీమంతం గాజులు తొడిగిందీ దాని మీద కూర్చోబెట్టే. లక్ష్మికి మూడుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి ఏడో నెల.

ఆ తర్వాత కొన్నాళ్లకు పీట అంచు విరిగి, లోపల తుప్పు పట్టిన ఇనుప ముక్క కనిపించింది. సముద్ర జంతువుల గురించి చదివిన నా స్నేహితురాలు ఫోటో చూసి అది వేట ఈటె మొన అని తేల్చింది. నూనె కోసం ఓడల మీద తిరిగి తిమింగలాలను చంపేవారట. ఆ నూనెతో దీపాలు, సబ్బులు, యంత్రాలు. పిల్లతో ఉన్న తల్లి నెమ్మదిగా ఈదుతుంది కాబట్టి సులువుగా చిక్కేదట. ఇదీ అలాంటి తల్లే అయి, ఎక్కడో దెబ్బ తిని, ఇక్కడికొచ్చి చచ్చి ఉంటుంది. అంతా విని అత్త అన్న మాట ఒక్కటే: "నూనె ఎవుడో అమ్ముకున్నాడు, ఉసురు మాకొచ్చినాది." నాకు ఉసురుల మీద నమ్మకం లేదు. కానీ డాక్టర్లు కారణం చెప్పలేక చేతులెత్తేశాక, నమ్మకం లేదని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

కౌలాలంపూర్‌లో తెల్లవారగానే బస్సెక్కితే తెలుక్ ఇంతాన్‌కు మూడు గంటల పైన పడుతుంది, టికెట్టు పాతిక రింగిట్ల లోపే. అక్కడి నుంచి సుంగై సుమున్‌కు బస్సులు అరుదు, కారు మాట్లాడుకోవడమే మేలు. దారి పొడుగునా పామాయిలు తోటలే. నూనె కోసం మనిషి ఇంకేం మింగుతాడో అని విసుగొచ్చింది. అత్త పీటకు పసుపు రాసి పాత చీరలో చుట్టి సిద్ధంగా ఉంది. లక్ష్మి గుమ్మంలో నిలబడింది. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేది మాత్రం తమిళమో మలయో. మాతో రానని తల ఊపి అక్కడే ఉండిపోయింది.

దగ్గర్లోని హుటాన్ మెలింటాంగ్ రేవులో పాక్ దిన్ అనే మలయ్ పడవాయన దొరికాడు. గేలాలేసే వాళ్లను తిప్పే ధరే, రెండు వందల యాభై రింగిట్లు, మాకూ చెప్పాడు. "త్వరగా ఎక్కండి లాహ్, మధ్యాహ్నానికి పోటు మొదలైపోతుంది," అన్నాడు మలయ్‌లో, అక్కడివాళ్ల ఊతపదం 'లాహ్' తగిలిస్తూ. అత్త వింటేనా! గుడికి వెళ్లి కుంకుమ తెచ్చుకునేదాకా కదల్లేదు. నది వెంట గంట పైన వెళ్లి, అది సముద్రంలో కలిసే చోటికి చేరాక నీళ్లు వెడల్పయ్యాయి, రంగు మాత్రం బురదే. ఇక్కడ తిమింగలాలు కనబడతాయా అని అడిగాను. "మా తాత చూశాడు. మా నాన్న ఒక్కదాన్ని చూశాడు. నేను ముసలాణ్ణైపోయాను, ఒక్కటీ లేదు లాహ్," అన్నాడు. చేపలో అంటే, వలలో ప్లాస్టిక్కే ఎక్కువట. తిమింగలం పెంటే సముద్రానికి ఎరువని స్నేహితురాలు చెప్పింది గుర్తొచ్చి అత్తకు చెప్పాను. ఎస్టేటులో పుట్టిన మనిషి, వెంటనే అందుకుంది. "ఎరువెయ్యని తోట ఏటి కాస్తాది?" పాక్ దిన్‌కు అది మలయ్‌లో చెబితే తల అడ్డంగా ఊపాడు. "పెద్ద ట్రాలర్లు అడుగు దాకా గీకేశాయి. ఎక్కడైనా రాస్తే అదీ రాయమ్మా."

ఇంజను ఆపించి, పీటకు చుట్టిన పాత చీర తీసేసి, కుంకుమ పెట్టి, అత్త దాన్ని ఒళ్లో పెట్టుకుంది. "తల్లీ, మేం సంపలేదు. మాకు తెల్దు. నీ పిల్ల ఏటయిపోనాదో కూడా తెల్దు. నీ ఎముక నీకిచ్చేస్తన్నాను, నా గుంట కడుపు నాకిచ్చెయ్." అని చుట్టూ చూసింది. నీళ్లు తప్ప ఏమీ లేదు. "ఓలమ్మా, ఎవులికి సెప్తన్నాను? ఇనడానికి ఒక్కటైనా ఉండాల కదా!" అని ఏడ్చింది. ఏడుస్తూనే వదిలింది.

పీట బుడుంగున మునిగి, మళ్లీ పైకొచ్చింది. పసుపూ కుంకుమా కరిగిపోయి, ఎముక తెల్లగా తేలుతోంది. "ఎండిన ఎముక, నీళ్లు పట్టాక మునుగుతుంది లాహ్," అన్నాడు పాక్ దిన్. కానీ పోటు మొదలైపోయింది. పీట సముద్రం వైపు పోలేదు. నదిలోకి, మేమొచ్చిన దారిలోకే కొట్టుకురాసాగింది. ఆయన పాపం తాడూ రాయీ తీసి కట్టి ముంచుతానన్నాడు. అత్త ఆయన చెయ్యి పట్టుకుంది. "ఒద్దు బాబూ. ఒకసారి దాన్ని పొడిసినారు, సాలు. మళ్లీ తాడెయ్యకు." తిరిగొచ్చేటప్పుడు కొంత దూరం అది మా పక్కనే వచ్చింది. అత్త అటు చూడలేదు.

ఇంటికి చేరేసరికి లక్ష్మి గుమ్మంలోనే ఉంది. అమ్మ ఖాళీ చేతులు చూసి, తెలుగులో అడిగింది. "ఎల్లిపోనాదా అమ్మా?"

"ఎల్లిపోనాది," అంది అత్త. నేను వంగి చెప్పులు విప్పుకున్నాను.

సముద్రం మన్నించిందని రాస్తే బాగుండేది, రాయలేను. మేం చంపలేదన్నది నిజమే. చంపినవాళ్లు ఏనాడో పోయారు, చచ్చినవీ పోయాయి, క్షమించమని అడుగుదామంటే అవతల ఎవరూ మిగల్లేదు. ఆ పీట ఏ మడ చెట్ల వేళ్లలో ఇరుక్కుందో, రేపు ఎవరో బాగుందని ఇంటికి పట్టుకుపోతారేమో. అటు వెళ్లేవాళ్లకు ఒక్క జాగ్రత్త: పడవ మాట్లాడుకునే ముందు పోటెప్పుడో అడిగి, నీరు తీసే ఆటు వేళకే బయల్దేరండి. పోటు వేళ వదిలింది సముద్రానికి పోదు, మన వెనకాలే వస్తుంది.